మెయిన్ బంద్

మార్చి నాలుగో తేదీన అంజన్‌కు గేటు దగ్గర పని ఉండేది కాదు. ఆ రోజు కంపెనీలో భద్రతా దినం జరిపేవారు. దబీర్‌పురా స్టేషన్ వెనక ఉన్న ఆ కంపెనీలో నూనెకూ నెయ్యికీ బిస్కట్లకూ రేకు డబ్బాలు తయారయ్యేవి. ఆ ఒక్క పూట మిషన్లు ఆపి, షెడ్డు ముందు షామియానా వేసి, పనివాళ్లందరి జేబులకూ ఆకుపచ్చ రిబ్బను ముక్కలు గుచ్చేవారు. మేనేజరు ఆనందరావు మైకు ముందు నిలబడి అందరిచేతా ప్రమాణం చేయించేవాడు. అది అయ్యాక, "అంజన్, ఇటు రావయ్యా" అని పిలిచేవాడు.

అంజన్ వాచ్‌మన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని వేదిక ఎక్కేవాడు. ఆనందరావు అతని భుజం పట్టుకుని జనంవైపు తిప్పేవాడు. అంజన్ ముఖంలో కుడిపక్క చర్మమంతా కాలి ముడుచుకుపోయింది. కింది రెప్ప జారిపోవడంతో ఆ కంట్లోంచి ఎప్పుడూ నీళ్లు కారుతుండేవి. చెవి సగమే మిగిలింది. కుడిచేతి వేళ్లు పూర్తిగా మూసుకోవు.

"ఇతను మన కంపెనీలో మంచి ఎలక్ట్రీషియన్. ఒక్క క్షణం అజాగ్రత్తగా ఉన్నాడు. ఫలితం మీ కళ్లముందే ఉంది" అనేవాడు ఆనందరావు. తర్వాత మైకు అంజన్ నోటిదాకా వంచేవాడు.

"తప్పు నాదే. మీరు గిట్ల చెయ్యకుండ్రి" అనేవాడు అంజన్.

అందరూ చప్పట్లు కొట్టేవారు. లడ్డూ, కారా ఉన్న పొట్లం ఒకటి అతని ఎడమచేతిలో పెట్టేవారు. చప్పట్లు కొట్టేవాళ్లలో సగంమందికి ప్రమాదం జరిగిన రోజు సంగతి తెలుసు. తమ చెవులతో విన్నవాళ్లే వాళ్లు.

ఆ రోజు ఎండలు బాగా ముదిరి ఉన్నాయి. ఫ్యాక్టరీకంతటికీ కరెంటు వచ్చే మెయిన్ బోర్డు షెడ్డు గోడకు ఉండేది. అది నిలువెత్తు ఇనుప బీరువా. లోపల రాగి పట్టీలు పక్కపక్కనే బిగించి ఉంటాయి. పొద్దుటినుంచీ దానిలోంచి మాడిన వాసన వస్తోంది. అంజన్ తలుపు తీసి చూశాడు. ఒక పట్టీ దగ్గర బోల్టు నల్లబడి, నట్టు చుట్టూ సన్నగా ఎర్రబారుతోంది. తలుపు మూసి నేరుగా ఆనందరావు దగ్గరికి వెళ్లాడు.

"సాబ్, నట్టు వదులైంది. మెయిన్ బంద్ చేసి బిగియ్యాలె."

"ఎంతసేపు?"

"చాయ్ తాగేంత సేపు సాబ్."

"నువ్వు చాయ్ తాగేలోపల మూతలు అతికే సీసం కుండలన్నీ గడ్డకడతాయి. అవి మళ్లీ కరిగేసరికి సగం షిఫ్టు పోతుంది. సాయంత్రం నెయ్యి కంపెనీవాళ్ల లారీ వస్తోంది" అన్నాడు ఆనందరావు. "ఇన్నేళ్లనుంచి చేస్తున్నావు. ఒక్క నట్టు బిగించడానికి ఫ్యాక్టరీ అంతా ఆపమంటావా? చూసుకుని చెయ్యి."

"చేతులకు రబ్బరు తొడుగులన్న ఇప్పియ్యుండ్రి సాబ్."

"తెప్పిస్తాను. ముందు ఇది కానియ్."

ఈ మాటలన్నీ డబ్బాలకు మూతలు అతికే ఆడవాళ్ల వరసల మధ్యే జరిగాయి. అంజన్ వెనక్కి వచ్చి తలుపు తీశాడు. పానా నట్టుకు పట్టించి మెల్లగా తిప్పాడు. వేడికి పెళుసెక్కిన బోల్టు పుటుక్కున విరిగింది. ఆ ఊపుకు పానా జారి పక్క పట్టీకి తాకింది.

ఆ తర్వాత తెల్లటి వెలుగు తప్ప అంజన్‌కు ఏమీ గుర్తులేదు. చూసినవాళ్లు మాత్రం షెడ్డులోనే పిడుగు పడ్డట్టయిందన్నారు. చాలాసేపు కళ్లకు ఏమీ కనిపించలేదన్నారు. రాగి కరిగి నిప్పుల వానలా ఎగిరింది. అంజన్ వెనక్కి ఎగిరి డబ్బాల గుట్టమీద పడ్డాడు. అతనికి షాక్ కొట్టలేదు. కరెంటు అతన్ని ముట్టనే లేదు. రెండు పట్టీల మధ్య గాలే మండి, ఆ మంట అతని ముఖమ్మీదికి వచ్చింది.

ముఖం కాలిన దానికన్నా చొక్కా చేసిన పని ఎక్కువ. దసరాకు భార్య రుక్మాబాయి పత్తర్‌గట్టీలో ఇష్టపడి కొన్న టెరిలిన్ చొక్కా అది. ఇస్త్రీ అక్కర్లేదని, మాసినా తెలియదని మురిసిపోయి కొన్నది. నూలు బట్టయితే మాడి రాలిపోయేది. టెరిలిన్ మాత్రం లక్కలా కరిగి ఛాతీకీ భుజానికీ అతుక్కుంది. పెద్ద దవాఖానలో డాక్టర్లు పటకారుతో దాన్ని తోలుతో సహా ఊడదీస్తుంటే, రుక్మాబాయి వార్డు బయట నిలబడి భర్త అరుపులు వింది. కంపెనీవాళ్లు ఖాకీ బట్టలు కుట్టిస్తామని ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. అవి ఎన్నడూ రాలేదు. అయినా ఆ చొక్కా రంగు తానే ఏరిన సంగతి ఆమె మనసులోంచి పోలేదు.

విచారణకు ఇన్‌స్పెక్టరు వస్తాడనగా ఆనందరావు దవాఖానకు వచ్చాడు. బత్తాయిల సంచి మంచం కింద పెట్టి, రుక్మాబాయిని వరండాలోకి పిలిచాడు.

"చూడమ్మా, షాక్ కొట్టలేదని డాక్టరే అంటున్నాడు. షాక్ కొట్టకుండా ఇది కరెంటు ప్రమాదం ఎట్లా అవుతుందని పైవాళ్లు అడుగుతున్నారు. మీరు కోర్టుకు పోతే ఏళ్లు పడుతుంది. ఇతని చేతులు ఇక ఆ పనికి రావు. తనే అజాగ్రత్తగా చేశానంటే గేటు దగ్గర నౌకరి ఇప్పిస్తాను. బతికినన్నాళ్లూ ఉంటుంది."

"మెయిన్ బంద్ చేస్తనంటె మీరే వద్దన్నరట గదా సాబ్" అంది రుక్మాబాయి.

"ఎవరన్నారు?"

మూతలు అతికే ఆడవాళ్లు దవాఖానకు వచ్చి ఏడుస్తూ చెప్పి వెళ్లారు. వాళ్ల పేర్లు చెబితే వాళ్ల నౌకరీలూ పోతాయి. రుక్మాబాయి తలదించుకుంది.

లోపలికి వెళ్లి భర్త తలదగ్గర కూర్చుంది. కళ్లకు కట్లు కట్టి ఉన్నాయి. పెదవులు వాచి ఉన్నాయి.

"కమల బాపూ, వాళ్లు చెప్పినట్టే చెప్పు" అంది. "కమల ఇంక చిన్నపిల్ల. కోర్టుల పొంటి నేనెక్కడ తిరుగుత?"

కాసేపటికి అంజన్ తల మెల్లగా ఆడించాడు. మర్నాడు ఇన్‌స్పెక్టరు అడిగితే తప్పు తనదేనన్నాడు. ఆనందరావు మాట తప్పలేదు. గాయాలు మానాక గేటు దగ్గర స్టూలు వేయించాడు. మరుసటి మార్చిలో వేదికమీదికి కూడా పిలిచాడు.

ఆ మధ్యలో కంపెనీకి రబ్బరు తొడుగులు, ముఖానికి అడ్డం పెట్టుకునే మందపాటి అద్దం, మోకాళ్లదాకా వచ్చే ముతక కోటు వచ్చాయి. వాటిని ఆఫీసు ముందు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే ఆనందరావు ముందుగా ఆ బీరువాయే చూపించేవాడు. మెయిన్ బోర్డుకు ఎర్రరంగు పూసి పుర్రె బొమ్మ వేయించాడు. లోపలి రాగి పట్టీలు మాత్రం పాతవే.

అంజన్ తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్లు ఒకరిద్దరు కొద్దిరోజులు చేసి మానేశారు. ఆఖరికి ఇశ్రాయేలు వచ్చాడు. దబీర్‌పురాలోనే చర్చి పక్క సందులో కాపురం. భార్య మాణిక్యమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. నెమ్మదస్తుడు, పని మీద శ్రద్ధ గలవాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి అంజన్ పక్కన కూర్చుని తినేవాడు. మిగతావాళ్లు అంజన్‌తో మాట్లాడేటప్పుడు చూపు పక్కకు తిప్పుకునేవారు. ఇశ్రాయేలు మాత్రం ఎదురుగానే చూసేవాడు.

ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం అతను వచ్చాడు గానీ డబ్బా తెరవలేదు.

"అన్నా, బోర్డు వాసనొస్తుంది" అన్నాడు.

అంజన్ చేతిలోని బీడీ పక్కన పెట్టాడు. "ఏ పట్టీ?"

"నువ్వు బిగించిన జాగనే. సాబ్‌కు చెప్పిన. భద్రతా దినం దగ్గరికొచ్చింది, అతిథులు వస్తరు, ఆలోపల ఆర్డరు పూర్తిగావాలె, బంద్ చెయ్యొద్దన్నడు. తొడుగులు ఇయ్యిమన్న. మరకలైతయి, చూసేటోళ్లకు బాగుండదన్నడు."

ఇశ్రాయేలు అంజన్ దగ్గరికి జరిగాడు.

"నేనొకటి అడుగుత, తప్పువట్టకు. ప్రతి ఏడు తప్పు నాదే అంటవు గద. ఏం తప్పు చేసినవో చెప్పు. పానా తప్పువట్టినవా? ఎడమచేయి లోపల పెట్టినవా? ఏం చేసినవో తెలిస్తే నేనది చెయ్య. ఇంట్ల పిల్లలున్నరన్నా."

ఇన్నేళ్లూ అంజన్ ఆ మాట తన ఒక్కడి పరువు తీస్తోందనుకున్నాడు. అది నమ్మి ఇంకొకడు బోర్డు తలుపు తెరుస్తాడని ఎప్పుడూ తోచలేదు.

"నేనేం తప్పు చెయ్యలే ఇశ్రాయేలూ" అన్నాడు. "మంచిగనే వట్టిన, మంచిగనే తిప్పిన. బోల్టు విరిగింది. మెయిన్ బంద్ చెయ్యనియ్యలే. గంతే. ఎంత హుషారున్నోడు చేసినా గదే అయితది. నువ్వు బంద్ చెయ్యకుంట దాన్ని ముట్టకు."

"మరి తప్పు నాదే అని..."

"నౌకరికోసం అన్న."

ఇశ్రాయేలు చాలాసేపు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత డబ్బా తెరవకుండానే పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆనందరావుతో భద్రతా దినందాకా ఎట్లాగో నడిపిస్తానని, బంద్ చేస్తేగాని చేయి పెట్టనని చెప్పాడు. ఆ రోజు మిషన్లు ఎట్లాగూ ఆపుతారు గదా, అప్పుడు బిగిస్తానన్నాడు. ఆనందరావు ఒప్పుకోలేదు. అతిథుల ముందు బోర్డు తలుపులు తెరిచి కూర్చుంటావా అన్నాడు.

ఆ రాత్రి ఛత్రినాకలో తమ గదిలో అన్నం ముందు కూర్చుని అంజన్ భార్యతో ఈ సంగతి చెప్పాడు.

"ఈసారి స్టేజీమీద నేనట్ల అననే రుక్మా."

రుక్మాబాయి గంటె పట్టుకుని అట్లాగే కూర్చుంది. "నౌకరి పోతది."

"పోతది."

"కమల ఇస్కూలు..." అని ఆగింది. కంచంలోకి పప్పు వడ్డించి, "ఆ దినం నేనే చెప్పమన్న. ఇప్పుడు నిన్ను ఆప. నీకెట్ల తోస్తె అట్ల చెయ్యి" అంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది గానీ నిద్రపోలేదు.

మార్చి నాలుగున షామియానా కింద కుర్చీలు వేశారు. కంపెనీ సేఠ్ వచ్చాడు. ఎవరో అధికారిని కూడా పిలిచారు. ప్రమాణం చదివించారు. ఆనందరావు ఎప్పటిలాగే పిలిచాడు, ఎప్పటిలాగే భుజం పట్టుకుని తిప్పాడు, ఎప్పటిలాగే మైకు వంచాడు.

అంజన్ మైకు పట్టుకున్నాడు. వేళ్లు సరిగా మూసుకోక అది కొంచెం ఊగింది.

"తప్పు నాది గాదు" అన్నాడు. "మెయిన్ బంద్ చేస్తనంటె చెయ్యనియ్యలే. తొడుగులు అడిగితె ఇయ్యలే. ఇయ్యాల నా ముఖం చూపెట్టనీకి మిషన్లు బంద్ చేసిండ్రు. ఆ దినం నట్టు బిగియ్యనీకి బంద్ చెయ్యలే. ఆ నట్టు ఇప్పుడు మల్ల కాలుతుంది."

కింద ఒక్కరూ కదల్లేదు. మూతలు అతికే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంజన్ వాళ్లవైపు చూశాడు. ఒక్కరు లేచి అవునంటే చాలనుకున్నాడు. ముందు వరసలోని పెద్దామె నేలచూపులు చూసింది. వెనక ఎవరో దగ్గారు.

ఆనందరావు కోపం తెచ్చుకోలేదు. మైకు మెల్లగా తీసుకున్నాడు.

"పాపం, ప్రమాదం తర్వాత అప్పుడప్పుడు ఇతనికి మనసు స్థిమితంగా ఉండదు. అయినా కంపెనీ ఇతన్ని వదిలిపెట్టలేదు. ఇన్నేళ్లుగా పోషిస్తోంది. అందరం ఇతనికోసం చప్పట్లు కొడదాం."

చప్పట్లు కొట్టారు. సేఠ్ కూడా కొట్టాడు. అధికారి గడియారం చూసుకున్నాడు. అంజన్ దిగి వస్తుంటే అలవాటు ప్రకారం ఎవరో లడ్డూ పొట్లం చేతిలో పెట్టారు. దాన్ని మెట్టుమీద పెట్టి గేటు దాటి వెళ్లిపోయాడు. మర్నాటికి ఆ స్టూలుమీద ఇంకొకడు కూర్చున్నాడు.

అదే మధ్యాహ్నం మిషన్లు మళ్లీ నడవగానే బోర్డులోంచి పొగ మొదలైంది. ఆనందరావు ఇశ్రాయేలును పిలిచి, సేఠ్ ఇంకా ఆఫీసులోనే ఉన్నాడని, గప్‌చుప్‌గా బిగించమని చెప్పాడు. ఇశ్రాయేలు బోర్డు దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడ్డాడు. తర్వాత మెయిన్ స్విచ్ పిడి రెండుచేతులా పట్టుకుని కిందికి లాగాడు.

షెడ్డంతా ఒక్కసారి ఆగిపోయింది. డబ్బాలు సగం సగం మడతల్లోనే నిలిచిపోయాయి. సీసం కుండలు చల్లారడం మొదలైంది. మూతల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లు లొల్లి పెట్టారు.

"ఏందిది? పొద్దుగాల పండుగ జేసి బంద్ వెడితిరి, ఇప్పుడు మల్ల బందా? మా కూలి ఎవడిస్తడు?"

ఇశ్రాయేలు తలుపు తీసి పానా పట్టించి తిప్పాడు. బోల్టు పుటుక్కున విరిగింది. పానా జారి పక్క పట్టీకి కొట్టుకుంది. టంగుమని చప్పుడైంది. అంతకుమించి ఏమీ కాలేదు.

అతను అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. చెమటకు చొక్కా తడిసిపోయింది. ఆ చప్పుడుకు అర్థమేమిటో ఆ షెడ్డులో అతనికొక్కడికే తెలుసు. మిగతావాళ్లకు అది ఇనుముమీద ఇనుము పడ్డ చప్పుడు. కాసేపటికి లేచి కొత్త బోల్టు వేసి, గట్టిగా బిగించి, తలుపు మూసి, స్విచ్ పైకి లేపాడు.

హుకుం లేకుండా ఫ్యాక్టరీ ఆపాడని, కుండలు పాడుచేశాడని ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి తీసేశారు. యూనియన్ వాళ్లు మాట్లాడతామన్నారు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

వారం తిరగకముందే మాణిక్యమ్మ ఛత్రినాకకు వచ్చింది. వెనక ఇశ్రాయేలు ఉన్నాడు, వద్దన్నా వినకుండా వచ్చిందని తెలుస్తూనే ఉంది. అంజన్ గడపలో కూర్చుని ఉన్నాడు. ఆమె వాకిట్లోనే నిలబడింది.

"నువ్వేనా అంజన్? నీ ముఖం కాలిందని మా నౌకరి కాలవెట్టినవు. నీకేమన్న ఖుషీ అయిందా?"

"మాణిక్యమ్మా, లోపలికి రా" అంది రుక్మాబాయి.

"నేను రాను. నా మొగడు ఎవ్వల జోలికి పోనోడు. నీ మొగడు వానికి లేనిపోని భయం వెట్టిండు. తీరా బంద్ చేసి చూస్తె ఏమైంది? ఏం కాలే. బోల్టు విరిగింది, కొత్తది వేసిండు, అయిపాయె. గింత దానికి మా పిల్లల నోటికాడి కూడు గుంజితిరి."

"బంద్ చేసినందుకే ఏం కాలేదే" అన్నాడు ఇశ్రాయేలు వెనకనుంచి. "నీకెన్నిసార్లు చెప్పాలె?"

"నువ్వు సప్పుడు చెయ్యకు. నీకేం దెల్సు? అయితే అయితుండె, కాకుంటె కాకపోతుండె. ఇంతకుముందు ఎన్నిసార్లు బిగియ్యలే నువ్వు? అప్పుడేమన్న అయిందా?"

కరెంటు ఉండగా ఎన్నోసార్లు బిగించిన మాట నిజమే. అంజన్ కూడా ఎన్నోసార్లు బిగించాడు.

అంజన్ ఆమె తిట్లన్నీ విన్నాడు. ఆమెను చూడలేదు. ఆమె వెనక నిలబడ్డ ఇశ్రాయేలు ముఖం చూస్తున్నాడు. పొద్దున గీసుకున్న గడ్డం, కళ్లకింద నిద్రలేని నలుపు, చెంపమీద చిన్నప్పటి మశూచి మచ్చలు, ముంజేతులమీద వెంట్రుకలు. అన్నీ ఉన్నచోట ఉన్నాయి. ఆ ముఖంలో అంజన్‌మీద కోపం కూడా కొంచెం ఉంది.

ఆమె తిట్టి తిట్టి అలిసిపోయి, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది. ఇశ్రాయేలు ఒక్క క్షణం ఆగి ఆమె వెంట నడిచాడు.

"నువ్వొక్క మాటన్న అనకపోతివి" అంది రుక్మాబాయి.

"ఏమనాలె? కాలిన ముఖమైతె చూపెట్టొచ్చు. కాలని ముఖం ఎట్ల చూపెట్టాలె? రోజు ఇంట్ల చూస్తనే ఉంది గద ఆమె."

అంజన్‌కు ఆ తర్వాత నౌకరి దొరకలేదు. తెలిసినవాళ్లు చెప్పిన నాలుగు చోట్లా అతని ముఖం చూసి, ఇప్పుడు ఖాళీ లేదన్నారు. అంజన్ అన్న రామ్‌చందర్‌కు ఛత్రినాకలోనే బర్రెల కొట్టం ఉంది. రుక్మాబాయి వెళ్లి అడిగింది. వదిన శారదమ్మకు ఇష్టం లేకపోయినా, పేడ తీయడానికీ పాలు పోయడానికీ ఒప్పుకున్నారు. ఇళ్లకు పాలు పోసేటప్పుడు ముఖానికి తువ్వాలు కట్టుకోమంది శారదమ్మ, పిల్లలు జడుసుకుంటున్నారని. అతను కట్టుకున్నాడు. కమల బడి మానేసి తల్లితోపాటు గాజుల పనికి వెళ్లసాగింది.

ఆ ఏడు కంపెనీలో ఒక్క ప్రమాదమూ జరగలేదని ఆనందరావుకు ఎక్కడో ఒక షీల్డు ఇచ్చారు. అద్దాల బీరువాలో తొడుగుల పక్కన దాన్ని పెట్టారని ఎవరో చెప్పారు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున పాల క్యాన్ దించి ఆయాసం తీర్చుకుంటున్న అంజన్‌కు ఎదురుగా ఇశ్రాయేలు సైకిల్‌మీద వచ్చాడు. ఇళ్లకు వైరింగు చేస్తున్నాడట. ఒకరోజు పని ఉంటే రెండు రోజులు ఉండదట. సైకిల్ దిగి పక్కన నిలబడ్డాడు.

"మాణిక్యమ్మ మంచిగున్నదా?" అడిగాడు అంజన్.

"ఉంది. ఇంకా తిడ్తనే ఉంది, నన్ను, నిన్ను."

"తిట్టనీ."

ఇశ్రాయేలు సైకిల్ బెల్లును వేలితో తిప్పాడు.

"కొత్త ఎలక్ట్రీషియన్ వచ్చిండన్నా. నిన్న స్టేషన్‌కాడ కలిసిండు. ఆ బోర్డు సంగతి చెప్పిన. బంద్ చెయ్యకుంట ముట్టకు అన్న."

"ఏమన్నడు?"

"నవ్విండు. బంద్ చేసి బిగియ్యనీకి ఎలక్ట్రీషియనెందుకు, ఎవరైనా బిగిస్తరు అన్నడు."

అంజన్ తువ్వాలు కొస తీసి కంటి నీళ్లు తుడుచుకున్నాడు. ఎదురింటావిడ గిన్నె పట్టుకుని అరుగుమీద నిలబడి, పాలు ఇంకా పోయవేమని అడిగింది. అతను తువ్వాలు మళ్లీ ముఖానికి చుట్టుకుని, క్యాన్ ఎత్తుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాడు.